పసుపు బొట్టు పిడకలు

“పిడకలే కదా సుభద్రా, మళ్లీ చేసుకోవచ్చు” అన్నారు మా ఆయన. ఆ మాట అన్న నోటితోనే భోజనానికి పీట వేయమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అరవై రెండో సంవత్సరం వేసవి అది. చింతలపూడిలో మా ఆడపడుచు ఇంట్లో పెళ్లికి వెళ్లి అప్పుడే నూజివీడులో బస్సు దిగి వచ్చాను. ఊరెళ్లి వస్తే చేతిలో సంచి కింద పెట్టకుండానే పెరట్లోకి వెళ్లడం నాకు అలవాటు. తోటకూరకు నీళ్లు పోశారో లేదో చూద్దామని వెళ్లాను. వంటింటి వెనక గోడ చూరు కింద బోడిగా ఉంది. పిడకలు ఊడబీకిన చోట గుండ్రటి మచ్చలు మిగిలాయి.

అవి పొయ్యిలో పెట్టుకునే పిడకలు కావు. వాటిలో మా అమ్మ బీర గింజలున్నాయి.

బీరపాదుకు కాసిన కాయల్లో మంచిదాన్ని ఒకటి చూసి కోయకుండా వదిలేస్తాం. దానికి గుడ్డపీలిక కడితే ఇంట్లో ఎవరూ దాని జోలికి పోరు. కార్తీకానికి అది పాదు మీదే ఎండి గలగలలాడుతుంది. అప్పుడు గింజలు దులిపి, బూడిదలో పొర్లించి, పచ్చిపేడ ముద్దలో ఒత్తి గోడకు కొడతాం. పురుగు పట్టదు, ఎలుక ముట్టదు. మృగశిర కార్తెలో తొలివాన పడగానే పిడకను నానబెట్టి, చిదిపి, గింజలు పాదులో పెడతాం. చాట్రాయిలో మా అమ్మ అలాగే చేసేది, వాళ్ల అత్తగారూ అలాగే చేసిందట. అమ్మ ఆ పిడకల మీద పసుపు బొట్టు పెట్టేది. నేనూ పెట్టాను.

ఆ బీర పొట్టిగా, లావుగా కాసేది. చేదన్న మాటే లేదు. చెక్కు కూడా పారేయబుద్ధి కాదు, పచ్చడి చేస్తే అంత కమ్మగా ఉండేది. అమ్మ మాఘమాసంలో పోయింది. పెద్దకర్మ అయిందో లేదో, మా అన్నయ్య రామకృష్ణ ఆవిడ పెరడంతా తవ్వించి రసాల అంట్లు వేయించాడు. ఆ అంట్లు ఇప్పించింది మా ఆయనే. మామిడికాయల కొట్టు పెట్టుకున్న పాండురంగారావుగారికి జానెడు ఖాళీ నేల కనిపిస్తే చాలు, అందులో మామిడిచెట్టే కనిపిస్తుంది. సరే, పోనీ, నా గోడ మీద గింజలున్నాయి కదా అని ఊరుకున్నాను. ఆ విత్తనం ఇంకెక్కడా లేదు, నా గోడ మీదే ఉంది.

గోడ చూసి సరాసరి పొగగదికి వెళ్లాను. పచ్చికాయల్ని గడ్డి వేసి గంపల్లో పేర్చి, తలుపులు బిగించి, కుండలో పిడకలు రాజేసి ముగ్గబెట్టే గది అది. పొగ పెట్టే చిన్నయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“గోడ మీది పిడకలు ఏం చేశావు చిన్నయ్యా?”

“అయ్యగారే పీకి ఇచ్చారమ్మగారూ. మొన్న గాలివానకి పిడకల కుప్పంతా తడిసిపోయింది. బెజవాడ లారీ వచ్చేసరికి కాయ ముగ్గాలన్నారు.” అతనే మళ్లీ అన్నాడు. “కుండలో టపటపా పేలినయ్యండి. ఏంటా అనుకున్నాను.”

నేను ఇంట్లో ఉండి ఆ చప్పుడు విని ఉంటే గంపలన్నీ నూతిలోకి దొర్లించేదాన్ని. ఆ పళ్ల అదృష్టం, నేను చింతలపూడిలో ఉన్నాను.

“పసుపు బొట్టు కనపడలేదా మీకు?” అని మా ఆయన్ను నిలదీశాను.

“కనపడింది. రథసప్తమికి మిగిలిపోయిన గొబ్బి పిడకలనుకున్నాను.”

గొబ్బెమ్మలను పిడకలు చేసి దాచి, రథసప్తమినాడు వాటి మీద పాలు పొంగించే మాట నిజమే. వాటికీ పసుపు ఉంటుంది, అదీ నిజమే. కానీ గొబ్బి పిడక బిళ్లంత ఉంటుంది, నావి అరచెయ్యంత. కాయను వేలితో నొక్కి ఏ తోటదో చెప్పే మనిషికి ఈపాటి తేడా తెలియదట! తెలియకపోతే అడగాలి. నేను వచ్చేదాకా ఆగాలి. ఆయనకు లారీ ఆగదు కదా.

పిడకలే కదా అన్న మాట అప్పుడే అన్నారు. “బెజవాడ నుంచి గింజల పాకెట్ తెప్పిస్తాలే” అని కూడా అన్నారు.

“మీరు కాల్చింది పిడకలు కాదు. ఏం కాల్చారో మీ నోటితో చెప్పండి.”

“పొరపాటైందన్నానుగా!”

“అనలేదు.”

“ఇప్పుడంటున్నానుగా! ఇంకేంటి?”

పొరపాటు ఎవరైనా చేస్తారు. నేను అడిగింది అది కాదు. ఏం కాల్చారో ఒక్క మాట చెప్పమన్నాను. కొట్లో పనుందని లేచి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి మామిడికాయే వండాను. ఈ ఇంట్లో దానికేగా విలువ, అదే తిననీ. మామిడికాయ పప్పు, మామిడికాయ పులుసు, మామిడికాయ పచ్చడి. కాయ రావడం ఆగిపోయాక మాగాయ, ఎండబెట్టిన ఒరుగులు.

పాకెట్ వచ్చింది, మీద రంగుల బీరకాయ బొమ్మతో. బియ్యం డబ్బా వెనక్కి విసిరేశాను. కానీ మృగశిర వాన పడి పెరడంతా మట్టివాసన కొడుతుంటే ఖాళీ పందిరిని చూడలేకపోయాను. నేల ఏం చేసింది పాపం? పాకెట్ చింపి గింజలు పెట్టాను. శ్రావణానికి పొడుగాటి కాయలు వేలాడాయి. చేదు లేదు, రుచీ లేదు. వీధిలో అందరికీ పంచేశాను. భాద్రపదంలో పొట్లకాయలు, కార్తీకంలో వంకాయలు, పుష్యం వచ్చేసరికి పందిరి నిండా చిక్కుళ్లు. ఇరుగుపొరుగు మా పెరటి కూరలతో పండగ చేసుకున్నారు. మా ఆయన కంచంలో మాత్రం ఒరుగుల పులుసు. కిక్కురుమనకుండా తిన్నారు. హోటల్లో కూర్చుని పూరీ కూర తింటున్నారని చిన్నయ్య చెప్పాడు. తిననీ, నాకేం? నేను అడిగిన మాట మాత్రం చెప్పలేదు.

ఆ కార్తీకంలోనే పాకెట్ బీరకూ ఒక కాయ వదిలి ఎండబెట్టాను. చేతికి అలవాటైన పని. గింజలు పేడలో ఒత్తాను కానీ ఈసారి వంటింటి గోడకు కొట్టలేదు. మా వీధి గదే కొట్టు. ఆయన లేని పూట చూసి, ఆయన కూర్చునే పరుపు వెనక, సున్నం వేసిన తెల్లటి గోడకు తల మీదుగా వరసగా కొట్టి, పసుపు బొట్లు పెట్టాను. ఆయన వచ్చి చూశారు. కండువా తీసి మేకుకు తగిలించి, వాటి కిందే కూర్చున్నారు. పీకే ధైర్యం లేదు.

మళ్లీ మాఘం వచ్చింది. అమ్మ సంవత్సరీకం అయింది. పూత చూసి తోటలు బేరం చేసే రోజులు కాబట్టి కొట్టు నిండా రైతులే. తలుపు వెనక కూర్చుని చిక్కుళ్లకు ఈనెలు తీస్తున్నాను. చాట్రాయి నుంచి వచ్చిన వీరభద్రరావుగారి గొంతు వినిపించింది.

“ఏంటండీ పాండురంగారావుగారూ, కొట్లో ఈ పిడకలు? మామిడికాయలు మానేసి పిడకలు అమ్ముతున్నారా?”

అందరూ నవ్వారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

“మా అత్తగారి బీర గింజలండీ అవి. మీ ఊరి బీరే. ఇంకెక్కడా దొరకదు.”

పుల్లటి కాయను చక్కెరని చెప్పి అమ్మే గొంతు అది. చేతిలో చాట నేల మీద పడేశాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి, కొట్లో మగవాళ్లుండగా నేను ఆ గడప దాటి ఎరగను. ఆ రోజు దాటాను.

“అబద్ధమండీ. అవి బెజవాడ పాకెట్ గింజలు. మా అమ్మవి ఈయన కాల్చేశారు.”

వీరభద్రరావుగారు కండువా సర్దుకుంటూ నేలచూపులు చూశారు. మా ఆయన ముఖం కందగడ్డ అయింది. లోపలికి పొమ్మంటారనుకున్నాను. అంటే ఏమనాలో కూడా అనుకునే వచ్చాను. ఆయన నా వైపు చూడలేదు. వెనక్కి తిరిగి గోడ మీది పిడకల్ని చూశారు.

“అవునండీ” అన్నారు రైతులతో. “ఆవిడ చెప్పిందే నిజం. మా అత్తగారి బీర గింజల్ని నేనే కాల్చాను. కాయలు ముగ్గబెట్టడానికి కాల్చాను. ఆ విత్తనం ఇక లేదు.”

నేను లోపలికి వచ్చి చెల్లాచెదురైన చిక్కుళ్లు ఏరుకున్నాను. కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. కానీ ఆ విత్తనం ఇక లేదన్న మాట నేను కూడా అప్పటిదాకా పైకి అనలేదు. ఆయన నోట విన్నాక, అమ్మ పోయినప్పటి ఏడుపు మళ్లీ వచ్చింది.

మధ్యాహ్నం ఆయన కంచంలో చిక్కుడుకాయ కూర వేశాను. తలెత్తకుండా తిన్నారు. అడక్కుండానే మళ్లీ వేశాను.