శుక్రవారం కడగని తొట్టి

"నా కొబ్బరి పీచు ఏదే అమ్మాయ్?" కుళాయి దగ్గర నుంచి కోటేశ్వరమ్మ కేకేసింది.

"పారేశానత్తయ్యా. చేపల తొట్టి తోమిన పీచు తెచ్చి అన్నం గిన్నెల మీద పెడితే ఎలాగండీ?" అంది ప్రసూనాంబ.

"నిన్ననే వలిచాను తల్లీ! ఇవాళ శుక్రవారం. తొట్టి దేంతో తోమను, నా చీర కొంగుతోనా?"

"అసలు తోమొద్దు."

పంచాయితీ వింటూ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న కోటేశ్వరమ్మ కొడుకు శేషాచలానికి విసుగొచ్చింది. గుంటూరు మిర్చి యార్డులో కాయల రకం చూసే ఉద్యోగం అతనిది. "పొద్దస్తమానం మచ్చలు పడ్డ తాలు కాయలు ఏరించి ఇంటికొస్తే ఇక్కడ తొట్టి నిండా మచ్చలేనా? ఆదివారం మా స్నేహితుడు జయరావు వస్తానన్నాడు. తొట్టి వాడికి ఇచ్చేస్తున్నా," అని చెప్పులేసుకున్నాడు.

బాటనీ చదివి కాపురానికొచ్చాక, కూర్చుని గమనించడానికి ఇంట్లో ప్రసూనాంబకంటూ దొరికింది ఆ తొట్టి ఒక్కటే. దాన్ని వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

తొట్టి గాజుకి, గులకరాళ్ళకి గోధుమరంగు పొర పట్టిన మాట నిజమే. వేలితో రాస్తే పచ్చ నాచులా జారదు, మెత్తటి పిండిలా వస్తుంది. అదేమిటో ఆమెకు చూడగానే తెలిసింది. కాలేజీ మైక్రోస్కోపు కింద చిన్న చిన్న గాజు పడవల్లా కనిపించే నాచు అది. కొత్త తొట్టికి రాక మానదు, తొట్టి పాతబడితే ఉండదు. అయితే ఈ తొట్టిని పాతబడనిచ్చిందెవరు? వారం వారం ఇత్తడి సామానుతో పాటు దీన్నీ బోర్లించి, రాళ్ళు తోమి, నిండా కొత్త నీళ్ళు పోస్తోంది అత్తగారు. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ అదే పొర.

కోటేశ్వరమ్మ గిన్నెలన్నీ కడిగి, పెరుగు గిన్నె మాత్రం పక్కన పెట్టింది.

"అదీ కడిగేద్దామా అత్తయ్యా?"

"మతి పోయిందా? అడుగున ఆ కాస్త పెరుగూ లేకపోతే సాయంత్రం పాలు దేంతో తోడుపెడతావ్?"

"తొట్టీ అంతేనండీ. ఆ రాళ్ళకి కంటికి కనపడని జీవాలు పడతాయి. చేపల మురికిని మింగేవి అవే. మనం వాటిని వారం వారం కడిగి పారబోస్తున్నాం. పైగా ఈ నాచుకి కావలసిన తిండి మన బోరు నీళ్ళలోనే ఉంది. నిండా కొత్త నీళ్ళు పోసినప్పుడల్లా దాన్ని పీటేసి కూర్చోబెట్టినట్టే."

"మరి ఆ మడ్డి?"

"గాజు మీదది మెత్తటి గుడ్డతో తుడుస్తాను. నీళ్ళు కాసినే మారుస్తాను. రాళ్ళ జోలికి వెళ్ళను."

ఆ శుక్రవారం కోటేశ్వరమ్మ తొట్టి వైపు వెళ్ళలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర శేషాచలం మళ్ళీ ఎత్తుకున్నాడు. "సాయంత్రం జయరావు వస్తాడు. చేపల్ని బకెట్లోకి తీసి ఉంచండి."

ప్రసూనాంబ అతని కంచంలో పెరుగు వడ్డిస్తూ, "మచ్చ పోతుందండీ. తొట్టి ఇక్కడే ఉంటుంది," అంది.

"పోకపోతే?"

జవాబు కోటేశ్వరమ్మ దగ్గర నుంచి వచ్చింది. "పోతుందని చెబుతోందిగా! ఏరా, జయరావుకి కాఫీ ఇచ్చి పంపిద్దాం. తొట్టి కదలదు. శుక్రవారాలు దాన్ని నేను ముట్టుకోను. నీ పెళ్ళాం చూసుకుంటుంది. నువ్వు యార్డులో కాయలు ఏరించుకో."