ఎక్కకూడని ర్యాంపు

నేను ఒక ర్యాంపును. టేకు చెక్కతో చేసినదాన్ని. చాలా ఏళ్లుగా ఒక సందేహం నన్ను వదలడం లేదు. భగవంతుడు కొండలకు వాలు పెట్టాడు, ఏటి గట్లకు వాలు పెట్టాడు, సముద్రపు ఒడ్డుకైతే చంటిబిడ్డ కూడా పాక్కుంటూ దిగేంత వాలు పెట్టాడు. మరి మెట్టు అనేదాన్ని మొదట కట్టిన మనిషి ఎవరిని పైకి రానివ్వకూడదనుకున్నాడు?

నేను విశాఖపట్నంలో పుట్టాను. మన దేశమూ చుట్టుపక్కల దేశాలూ కలిసి వికలాంగుల హక్కులకు ఒకే విధానం తేవాలని అక్కడ సమావేశం పెట్టుకున్నాయి. ముందు తేలికైనదానితో మొదలుపెడదామని, అన్ని దేశాల్లోనూ ర్యాంపుల వాలు ఒకేలా ఉండాలని తీర్మానించారు. దానికొక నమూనా కావాలి. ఆ నమూనా నేనే. వడ్రంగి పైడిరాజు చెక్కకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి పని మొదలుపెట్టాడు.

"ఎవులెక్కుతారు బాబూ దీని మీద?" అని కొలతలు చెప్పడానికి వచ్చిన అధికారిని అడిగాడు.

"ఎవరూ ఎక్కరయ్యా. ఇది నమూనా."

"ఎక్కనిదానికి ఇంత టేకెందుకు బాబూ! అట్టముక్క సాలదా?"

అధికారి నవ్వలేదు. గొప్ప పనుల మీద తిరిగేవాళ్లు నవ్వరు.

ఆ సమావేశానికి హేమసుందరి వచ్చింది. విజయనగరం ఆవిడ. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీకి అలవాటు పడింది. భర్త పక్క దేశంలో ఫ్యాక్టరీ మేస్త్రీ. ఆమె అక్కడికి కాపురానికి వెళితే, మన ప్రభుత్వం ఇచ్చిన వికలాంగ సర్టిఫికెట్ అక్కడ చెల్లదన్నారు. "ఏదీ, ఒకసారి లేచి నిలబడి చూపించు" అన్నాడట అక్కడి డాక్టరు. సర్టిఫికెట్ లేకపోతే బస్సులో కుర్చీకి చోటివ్వరు, ఆస్పత్రిలో సాయం ఉండదు. కొన్నాళ్లు గది గడప దాటకుండా గడిపి తిరిగొచ్చేసింది. మొగుడు అక్కడ, తను ఇక్కడ. ఒక దేశం ఇచ్చిన సర్టిఫికెట్ మిగతా దేశాల్లోనూ చెల్లాలన్న ఒక్క వాక్యం ఒప్పందంలో చేర్చమని అడగడానికే ఆమె వచ్చింది.

కానీ ఆ సభ ఆచారం ప్రకారం వేదిక మీద ఉన్నవాళ్లకే మైకు. వేదికకు మెట్లు. మెట్ల పక్కనే నేను, రిబ్బను కట్టించుకుని, బంతిపూల కుండీలు మోస్తూ ఉన్నాను. ఆమె కుర్చీ తోసుకుంటూ నా దగ్గరికి రాగానే అధ్యక్షుడు సదానందం గారు కంగారుగా చెయ్యి అడ్డం పెట్టారు.

"అమ్మా, ఈ వాలును ఇంకా అన్ని దేశాలూ ఒప్పుకోలేదు. ఒప్పుకోని వాలు మీద మీరు జారితే ఏ దేశం పూచీ? కావాలంటే మావాళ్లు కుర్చీతో సహా ఎత్తేస్తారు."

"నేనేమైనా ఊరేగింపు విగ్రహాన్నా అండీ?"

"అయితే మాట్లాడే మీ వంతు మా బాకీ అనుకోండి. వచ్చే సమావేశంలో తప్పకుండా."

తర్వాత నన్ను దేశదేశాలు తిప్పారు. కొండల దేశంలో, ఇది మరీ చదునుగా ఉందని రంపం పెట్టి పొట్టి చేశారు. ద్వీప దేశంలో, మరీ నిటారుగా ఉందని ముక్క అతికించారు. ఇంకో దేశంలో నా వాలు గురించి ఆలోచించడానికి ఉపసంఘం వేసి, దానికి మేడ మీద గది ఇచ్చారు. అందులోని ఒకే ఒక్క చక్రాల కుర్చీ మనిషి కింద టీ తాగుతూ కూర్చున్నాడు. ఒక రాజధానిలో నన్ను అద్దాల పెట్టెలో పెట్టి 'తాకరాదు' అని బోర్డు తగిలించారు. దేవుడి పటానికి కూడా అంత భద్రం నేను చూడలేదు. ప్రతిచోటా దీపం వెలిగించారు, శాలువాలు కప్పుకున్నారు, నా పక్కన నిలబడి ఫోటోలు దిగారు. చెక్కనైన నాకే సిగ్గేసింది. వాళ్లకు వేయలేదు.

సమావేశం మన దేశానికి తిరిగొచ్చినప్పుడల్లా హేమసుందరి వచ్చేది. "మీ బాకీ గుర్తుందమ్మా" అనేవారు సదానందం గారు. గుర్తుపెట్టుకుంటే తీర్చినట్టేనని నమ్మే మనిషి.

చివరికి మళ్లీ విశాఖలోనే కూడారు. ర్యాంపుల సంగతి ఏ దేశానికి ఆ దేశమే చూసుకోవాలనీ, నమూనా రద్దయిందనీ పొద్దున్నే ప్రకటించి చప్పట్లు కొట్టుకున్నారు. నన్ను హాలు వెనక విరిగిన కుర్చీల కుప్ప మీద పారేశారు.

హాలు ముందు కూడా మెట్లే కనుక హేమసుందరి మొదటిసారిలాగే వంట సామాన్ల బళ్లు వచ్చే వెనక దారినే వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"ఎర్రినాయుడూ, ఇదేమిటి ఇక్కడ పడుంది?" అని అప్పటి నుంచీ ఎరిగున్న కాపలాదారును అడిగింది.

"రద్దయిపోనాదమ్మా. ఇంక ఏ గవుర్మెంటుకీ దీంతో సమ్మందం నేదట."

"మరీ మంచిది. అడిగేవాడుండడు. పట్టుకురా, వేదికకి వేద్దాం."

"నా ఉజ్జోగం పోతాదేటో!"

"పోతే మా వికలాంగుల సంఘంలోకి వచ్చెయ్. మాకు కాళ్లున్నవాళ్లు తక్కువ."

ఎర్రినాయుడు పగలబడి నవ్వి నన్ను భుజానికెత్తుకున్నాడు.

లోపల వందన సమర్పణ సాగుతూనే ఉంది. నన్ను వేదికకు ఆనించగానే ఆమె చక్రాలు నా మీదికి వచ్చాయి. అతుకు దగ్గర నేను కిర్రుమన్నాను. ఆమె ఊపిరి బిగబట్టి ఇంకోసారి తోసుకుంది. పైకి చేరి మైకు అందుకుంది.

"అధ్యక్షులవారూ, ఇది నా వంతు. ఒక దేశం ఇచ్చిన సర్టిఫికెట్ అన్ని దేశాల్లోనూ చెల్లాలి. అది చెల్లకే నా కాపురం రెండు దేశాల పాలైంది."

భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది. పక్క గదిలోంచి పులిహోర తాలింపు వాసన వస్తోంది. ప్రతినిధుల చూపులన్నీ ఆ తలుపు మీదే ఉన్నాయి.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు సదానందం గారు.

అభ్యంతరం చెబితే ఉపసంఘం వేయాలి, ఉపసంఘం వేస్తే భోజనం ఆలస్యమవుతుంది. ఏ దేశమూ నోరు మెదపలేదు. అన్నేళ్లు కుదరని ఏకాభిప్రాయం అరనిమిషంలో కుదిరి, ఆ వాక్యం ఒప్పందంలో చేరింది. ధర్మం ఏ దారిన వస్తుందో భగవంతుడికే ఎరుక. ఆ రోజు మాత్రం వంటింటి దారిన వచ్చింది.

అందరూ లేచారు. సదానందం గారు ఆకలి తొందరలో మెట్లు మరిచి నా మీదుగా దిగబోతూ, ఏదో గుర్తొచ్చి ఆగారు.

"మా బాకీ తీరినట్టేనా అమ్మా?"

"తీరిందండి. కాస్త తప్పుకోండి, నేను దిగాలి."