వేడి సౌకర్యం: ఉంది

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పాప ఊపిరి ఒకనాడు లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాదేమోనని.

మూడేళ్ళ పిల్ల. చలి మొదలైన దగ్గర్నించీ ఛాతీలో పిల్లికూతలు. డాక్టరమ్మ ఇన్‌హేలర్ రాసిచ్చి, "పొగ మాత్రం తగలనివ్వకండి" అంది. రావద్దంటే మానేయడానికి పొగేమైనా చుట్టమా? కింది వాటా పొయ్యిగొట్టం సరిగ్గా వీళ్ళ పడకగది కిటికీ పక్కనుంచే పైకి పోతుంది. కిటికీ సందుల్లో పాతచీరలు కుక్కినా, దుప్పటి వేలాడగట్టినా, ఆ పొగ దొంగపిల్లిలా ఎక్కడో ఒకచోట దూరేది. మామూలు కట్టెల పొగలా కూడా ఉండేది కాదు. ప్లాస్టిక్ బకెట్టు కాలినట్టు ఘాటుగా గొంతులో గుచ్చుకునేది.

కింది వాటాలో ఊలు మామ్మ ఉండేది. అసలు పేరు ఎవరికీ తెలియదు. స్వెట్టర్లు అల్లి ఇస్తుంది కాబట్టి ఆ పేరు. ఒక్కతే మనిషి, ఒక్కటే గది, గది మధ్యలో ఇనప పొయ్యి. పాప తల్లికి మామ్మంటే మొదట్లో జాలే. మొగుడు అల్మారాలు చేసే వర్క్‌షాపులో వడ్రంగి. అక్కడ కోసి పారేసిన చెక్కముక్కలు ప్రతి శనివారం ఒక సంచీడు తెచ్చేవాడు. ఆ సంచీ మోసుకుని మెట్లు దిగి మామ్మ పొయ్యి పక్కన పెట్టి వచ్చేది ఈమే.

ఊళ్ళో కట్టెలు కాల్చడానికి ఒక రూలు ఉంది. కూడలిలో బోర్డు పెట్టారు. పచ్చగా ఉంటే కాల్చుకోవచ్చు. పసుపైతే బాగా ఎండిన కట్టెలే కాల్చాలి. ఎరుపైతే గాలి పాడైందని అర్థం, పొయ్యి వెలిగించకూడదు. ఆ బోర్డు అడుగున చిన్న అక్షరాల్లో ఇంకా ఏదో రాసి ఉండేది. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే, తమ్ముళ్ళని చూసుకోడానికి బడి మానేసింది. పెద్ద అక్షరాలు చకచకా చదువుతుంది, చిన్నవాటి జోలికి పోదు.

ఆ వారం వరసగా నాలుగు రోజులు బోర్డు ఎర్రగానే ఉంది. గొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది. నాలుగో రోజు పొద్దున పాప పెదాలు కాస్త నీలంగా కనిపించేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇన్‌హేలర్ పఫ్ ఇచ్చి, పిల్లని మొగుడి ఒళ్ళో కూర్చోబెట్టి, దడదడా మెట్లు దిగింది.

"మామ్మగారూ, బోర్డు ఎర్రగా ఉంది, చూశారా?"

మామ్మ సూదుల మీంచి తలెత్తలేదు. "నా కళ్ళకి ఎర్రదైనా నల్లదైనా ఒకటేనే తల్లీ. కాళ్ళకి మటుకు చలి తెలుస్తోంది."

"మా పాపకి ఆయాసం వస్తోంది."

"నాకు చలి వస్తోంది. ఇద్దరికీ ఏదో ఒకటి వస్తోందిగా, సరిపోయింది."

"మేమిచ్చిన చెక్కలతోనే మా పిల్లకి పొగ పెడతారా? అదిగో, మూలన హీటరు పెట్టుకున్నారుగా! అది వేసుకుంటే చేతులు అరిగిపోతాయా?"

మూలన నిజంగానే కరెంటు హీటరుంది. దాని మీద ఊలుండల బుట్ట ఉంది. మామ్మ అటు చూసి నవ్వింది. "అదా? అది అలంకారానికి."

ఆ నవ్వు చూసి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల ప్రాణం పోతుంటే వేళాకోళమా? తలుపు ధడాలున వేసి, ఆ చెప్పులతోనే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది.

ఆఫీసులో గుమస్తా ఫిర్యాదు కాగితం తీసి, ఒక్కో గడీ అడుగుతూ తనే రాసుకుపోయాడు. "ఆ ఇంట్లో వేరే వేడి సౌకర్యం ఉందా?"

"ఉంది. కళ్ళారా చూశాను."

"ఉంది," అని రాశాడు.

మంగళవారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆమె మెట్ల మీద నిలబడి చూసింది. అతను పొయ్యి తలుపు తీసి లోపల ఇనపచువ్వతో కెలికి, ఏదో అడిగాడు. మామ్మ జవాబు చెప్పలేదు. పొయ్యి పక్కనున్న చెక్కముక్కల సంచీని మాత్రం కాలితో మెల్లగా మంచం కిందికి తోసింది. అతను పొయ్యి పిడికి తీగ చుట్టి, సీసం బిళ్ళ నొక్కి సీలు వేసి వెళ్ళిపోయాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం నుంచి పాప హాయిగా నిద్రపోయింది. పిల్లికూతలు తగ్గాయి. బుధవారం రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. గురువారం మంచం మీద గెంతి తిట్లు తిన్నది. ఆ తిట్లు తిట్టడంలో తల్లికి ఎంత సంతోషమో! మంచిపని చేశానని గర్వంగా కూడా ఉంది. "చూశావా, గట్టిగా అడిగితే గానీ పనవదు," అంది మొగుడితో.

"మరి మామ్మకి చలి?" అన్నాడతను.

"హీటరు ఉందిగా. మొండితనం గానీ చలి కాదు."

శుక్రవారం పొద్దున గిన్నెలు కడుగుతుంటే ఆమెకి ఏదో లోటుగా తోచింది. ఏమిటా అని ఆలోచిస్తే, కింద కర్ర చప్పుడు లేదు. మామ్మ లేచిందంటే టకటకమని నేల అంతా కర్ర తిరుగుతుంది. ముందురోజు కూడా విన్నట్టు గుర్తులేదు. సబ్బు చేతులతోనే దిగింది.

తలుపుకి గడియ వేసి లేదు. లోపల వీధిలోకన్నా చల్లగా ఉంది. కిటికీ అద్దానికి లోపలివైపు మంచు పట్టింది. మంచం మీద రెండు కోట్లు, సగం అల్లిన స్వెట్టర్లు, చేతులు లేనివి, మెడ లేనివి, గుట్టగా పోసి ఉన్నాయి. ఆ గుట్ట అడుగున మామ్మ ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పాప పెదాల మీద చూసిన రంగే.

ఆమె ఊలుబుట్ట అవతలికి నెట్టి హీటరు స్విచ్ వేసింది. వెలగలేదు. ప్లగ్గు పీకి చూస్తే దాని కాళ్ళు నల్లగా మాడి ఉన్నాయి, ఒకటి సగం కరిగిపోయింది.

"అలంకారానికని చెప్పానుగా," అంది మామ్మ. గొంతు దారప్పోగులా ఉంది.

"మరి ఆ ఇన్‌స్పెక్టరుకి చెప్పొచ్చుగా!" ఏడుపు రావాల్సిన చోట ఆమెకి అరుపు వచ్చింది.

"అతను అడగలేదే. రాసుకునే వచ్చాడు."

"పైకొచ్చి నాకన్నా చెప్పొచ్చుగా!"

"సీలు వేయించింది నువ్వే కదే."

ఆమె మామ్మని దుప్పట్లో చుట్టి, నడుం పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కించింది. పధ్నాలుగు మెట్లు. పాప మంచంలో పడుకోబెట్టి, డాక్టరమ్మకి ఫోను చేసి, వర్క్‌షాపు నుంచి మొగుణ్ణి రప్పించింది. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఇంకొక్క రోజు అలాగే వదిలేసి ఉంటే..." అని ఆపేసింది. ఆపేసిన ఆ మాట ఆమె చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. పాప మాత్రం మామ్మ పక్కన దూరి, "మామ్మ ఐసు" అంటూ ఆ చేతులు తన బుగ్గలకి పెట్టుకుని చూస్తోంది.

గంటలో ఆమె మళ్ళీ మున్సిపల్ ఆఫీసులో ఉంది.

"ఆ సీలు తీయండి. ఇప్పుడే."

గుమస్తా తలెత్తాడు. "మీరేగా వేయమన్నది?"

"అవును, వేయమన్నాను. ఇప్పుడు తీయమంటున్నాను. హీటరు పాడైంది. మనిషి చచ్చిపోబోయింది."

"దరఖాస్తు పెట్టాలమ్మా. ఇంటావిడే స్వయంగా రావాలి. ఏడు పనిదినాలు పడుతుంది."

"లేవలేని మనిషి ఎలా వస్తుందయ్యా? మంచంతో సహా మోసుకురమ్మంటావా?"

"రూలు నేను పెట్టలేదు కదమ్మా. అసలు వేరే వేడి సౌకర్యం లేనివాళ్ళకి ఎర్ర రోజున కూడా మినహాయింపు ఉంది. బోర్డు మీద రాశాంగా."

చిన్న అక్షరాలు! ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది. కానీ కోపం తగ్గలేదు, రెట్టింపయింది. "చూపు ఆనని ముసలావిడ ఆ చీమ అక్షరాలు కూడలికొచ్చి చదువుకోవాలా? మీ మనిషి గదిలోకొచ్చాడుగా! ఒక్క స్విచ్ వేసి చూస్తే వేలు అరిగిపోతుందా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదని, మీరు వేడి ఇవ్వరు, ఉన్నది ఉంచరు!"

బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. గుమస్తాకి చెమటపట్టింది. "నన్నంటారేం? మీ మాటే రాశాం, కావాలంటే చూసుకోండి," అని రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు.

అది అతను చేసిన పొరపాటు. ఆమె చదువు నెమ్మది. నెమ్మదిగా చదివేవాళ్ళు ఒక్క ముక్క కూడా వదలరు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, మొదటి వరస చదివింది.

వేరే వేడి సౌకర్యం: ఉంది. పొయ్యిలో కాల్చినవి: జిగురు పలకల ముక్కలు, ప్లాస్టిక్ షీటు అతికించినవి. ఎక్కడివని అడిగినా నివాసి చెప్పలేదు.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. జిగురు పలకలు. షీటు అతికించినవి. అల్మారాలకి వాడేవి. ప్రతి శనివారం సంచీలో, పధ్నాలుగు మెట్లు, ఈ చేతులతో. ఆ ఘాటు, ఆ బకెట్టు కాలిన వాసన, కూతురి గొంతులో గుచ్చుకున్నదంతా తను మోసుకెళ్ళి ఇచ్చిందే. మామ్మ ఆ సంచీని కాలితో మంచం కిందికి ఎందుకు తోసిందో ఇప్పుడు అర్థమైంది. ఎక్కడివని చెబితే వడ్రంగి మీదికి వస్తుంది. ఫిర్యాదు చేసిన మనిషి మొగుణ్ణి కాపాడి, తాను చలికి గడ్డకట్టింది.

గుమస్తా రిజిస్టరు వెనక్కి లాక్కోబోయాడు. ఆమె చెయ్యి తీయలేదు. ఆ పేజీలో మామ్మ వరస కింద ఇంకా ఆరు వరసలున్నాయి. ఆ వారం సీలు వేసిన పొయ్యిలవి. వేరే వేడి సౌకర్యం అన్న గడిలో ఆరింటికీ అక్షరాలు కూడా లేవు. పైదే అన్నట్టు రెండేసి చిన్న గీతలు. బడిలో లెక్కలు కాపీ కొట్టినప్పుడు తనూ అలాగే గీతలు పెట్టి, టీచరు చేత మొట్టికాయలు తిన్నది. ఈయనకి మొట్టికాయ వేసేవాడు లేడు.

"ఈ ఆరిళ్ళూ ఎవరు చూశారు?"

"ఇన్‌స్పెక్టరుగారే."

"స్విచ్ వేసి చూశాడా?"

గుమస్తా పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

ఆమె కాగితం అడగలేదు. చదువు ఆగిపోయిన మనిషి కదా, ఏదైనా రాసుకోవడం కన్నా మనసులో పెట్టుకోవడమే అలవాటు. ఆరు వీధులు, ఆరు నంబర్లు, రెండుసార్లు చదివి మూసేసింది. బయటికొచ్చి మొగుడికి ఫోను చేసింది.

"మామ్మ ఎలా ఉంది?"

"పాలు తాగింది. నన్ను తిడుతోంది కూడా. బాగానే ఉన్నట్టే."

"ఆ సంచీ సంగతి తెలుసుకున్నాను. ఇంటికొచ్చాక నీ సంగతీ నా సంగతీ తేలుస్తాను. జిగురు చెక్క కాల్చకూడదని వడ్రంగివి నీకు తెలీదటయ్యా?"

"పారేసేవే కదా అనుకున్నానే."

"మనిద్దరం కలిసే మన పిల్లకి పొగ పెట్టాం. సాయంత్రం నాలుగింటికి పఫ్ ఇవ్వు, మర్చిపోకు. నేను ఆరు తలుపులు కొట్టి వస్తాను."

మొదటి ఇంట్లో హీటరు భేషుగ్గా ఎర్రగా మండుతోంది. ఆ ఇల్లాలు, "మీ ఆఫీసువాళ్ళకి పనేం లేదా?" అని ఈమెనే తిట్టి తలుపేసింది. తిట్లు తిన్నా ప్రాణం కుదుటపడింది. రెండో ఇంట్లోనూ హీటరుంది. మూడో ఇల్లు తాళం. ఇంటాయన అన్నగారింటికి వెళ్ళాడని పక్కవాళ్ళు చెప్పారు. నాలుగో ఇంట్లో లారీ డ్రైవరు కుటుంబం వంటగదిలో కిటికీలన్నీ బిగించి, గ్యాసు పొయ్యి వెలిగించుకుని చుట్టూ కూర్చున్నారు. పిల్లలు జోగుతున్నారు. ఆమె అడగకుండా లోపలికి దూసుకెళ్ళి పొయ్యి కట్టేసి కిటికీలు తెరిచింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు డ్రైవరు.

"ఎవరినైతే నీకేం? పిల్లల్ని బయటికి తీసుకురా ముందు, ఈ గాలిలో నిద్రపోతే మళ్ళీ లేవరు!"

అయిదో ఇంట్లో హీటరే లేదు. బాలింత, పసిబిడ్డ, దుప్పట్లు. బిడ్డ చెయ్యి పట్టుకు చూసి, ఎదురింటి తలుపు కొట్టి, వాళ్ళని తిట్టి, బతిమాలి, తల్లినీ బిడ్డనీ అక్కడికి చేర్చింది. "పక్కనే ఉండి మీకు తెలీదా?" అని అరుస్తుంటే తన గొంతు తనకే గుచ్చుకుంది. పక్కనే కాదు, పధ్నాలుగు మెట్ల పైనే ఉండి తనకి తెలిసిందా?

ఆరోది నీలం తలుపు, పంతొమ్మిదో నంబరు. పైన గొట్టంలో పొగ లేదు. కొట్టింది. పలుకు లేదు. పోలీసులకి ఫోను చేసి, మళ్ళీ కొట్టింది. పక్కింటాయన కిటికీలోంచి తొంగిచూసి, "ఆయన ఎవరితోనూ కలవడమ్మా. ఊరెళ్ళాడేమో," అన్నాడు.

"వెళ్ళడం చూశారా?"

"చూడలేదు..."

"అయితే 'ఏమో' అనకండి. ఆ 'ఏమో'తోనే ఒక మనిషి చావబోయింది. సుత్తో గునపమో ఏదుంటే అది పట్టుకుని కిందికి రండి. పోలీసులకి ఫోను చేశాను, వస్తామన్నారు. వాళ్ళొచ్చేదాకా నేను కొడుతూనే ఉంటాను."

ఆ తలుపు సంగతి ఆమె చూసుకుంటుంది. అది తెరిచేదాకా ఆమె అక్కడినుంచి కదలదు. మీరు మాత్రం ఇది చదవడం అయిపోగానే ఒకసారి బయటికొచ్చి మీ వీధిలో ఇళ్ళ పైకి చూడండి. ఇంత చలిలో పొగ రాని గొట్టం ఒకటి కనిపిస్తే, పొగ లేదు, బాగుంది అనుకుని లోపలికి వెళ్ళిపోకండి. వెళ్ళి తలుపు కొట్టండి. హీటరు ఉందని చెబితే నమ్మకండి. స్విచ్ వేసి, చెయ్యి దగ్గర పెట్టి, వెచ్చగా తగిలేదాకా ఉండి రండి.