ఆరు బకెట్లు

మా ఇంట్లో చేపలు మా ఆయనవి, బకెట్లు నావి. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం హాల్లోని అక్వేరియంలో పాత నీళ్లు తోడిపోసి, బాత్రూం నుంచి ఆరు బకెట్ల కొత్త నీళ్లు మోస్తున్నాను. ఆయన సోఫాలో కూర్చుని, "మెల్లగా పొయ్యవే, చేపలు బెదురుతాయి" అంటారు.

మొన్న నా నడుం పట్టేసింది. దాంతో ఈయనగారికి జాలి పుట్టుకొచ్చింది. ఇవాళ పొద్దున్నుంచీ గోడకు డ్రిల్లు పెట్టి, ఇల్లంతా దుమ్ము చేసి, నా తలకంటే ఎత్తున స్టాండు బిగించి, దానిమీద పెద్ద డ్రమ్ము ఎక్కించారు. డ్రమ్ము నుంచి అక్వేరియంలోకి పైపు, పైపుకో కుళాయి.

"ఇది తిప్పితే చాలు, నీళ్లు వాటంతటవే దిగుతాయి. ఇక నువ్వు మహారాణివి!"

"బాగానే ఉంది. డ్రమ్ములోకి ఎలా ఎక్కుతాయి?"

ఆయన డ్రమ్ము వంక చూశారు, బాత్రూం వంక చూశారు, తల గోక్కున్నారు. చివరికి వంటింట్లోంచి స్టూలు తెచ్చి డ్రమ్ము పక్కన వేశారు.

"నువ్వెక్కు. నేను కదలకుండా పట్టుకుంటా."

నాకు ఒళ్లు మండిపోయింది. నిండు బకెట్ ఆయన చేతే మోయించి, ఆయన్నే ఎక్కించి, స్టూలు నేను పట్టుకున్నాను.

"మెల్లగా పొయ్యండి, చేపలు బెదురుతాయి. ఇంకా అయిదున్నాయి."