రెట్టింపు గొర్రె

మా ఊరి మేత సంఘానికి పెద్ద జిర్గల్‌బెక్, నా మరిది. వాడికి బొమ్మలంటే మోజు, అంకెలంటే గిట్టదు. అలాంటివాడు నారిన్ పట్నం వెళ్లి గోడంత పటం రంగుల్లో అచ్చు వేయించుకొచ్చాడంటేనే నా గుండెల్లో రాయి పడింది.

విషయం చిన్నది కాదు. కోక్‌బెల్ కొండమీద ఐదేళ్లలో గొర్రెలు రెట్టింపయ్యాయి, గడ్డి వేళ్లతో సహా పోతోంది. ఈ ఒక్క వేసవి ఆ కొండ జోలికి పోకపోతే గడ్డి మళ్లీ లేస్తుంది. పోతే మాత్రం, చలికాలం దాటేంత కొవ్వు ఏ గొర్రెకీ పట్టదు. ఆ మందల్లో నా గొర్రెలూ ఉన్నాయి. కాపరులకి ఇది చెప్పి ఒప్పించడానికే ఆ పటం.

సభకి ముందు నాకు చూపించాడు. ఎడమవైపు చిన్న గొర్రె. కుడివైపు దానికి రెండింతల ఎత్తు, రెండింతల వెడల్పు ఉన్న గొర్రె. కింద ఏడాది లేదు, పక్కన లెక్క లేదు. పైన మాత్రం "మన గొర్రెలు" అని బంగారు అక్షరాలు.

"ఇదేంట్రా?"

"గొర్రెలు రెట్టింపయ్యాయి కదా వదినా. అందుకే రెట్టింపు గొర్రె."

"నీ మొహం! ఒకే సైజు గొర్రెల్ని వరసగా పెట్టు. వెయ్యికి ఒక బొమ్మ. అప్పుడు నాలుగు, ఇప్పుడు ఎనిమిది. పక్కన ఎన్నో అంకెల్లో రాయి, కింద ఏడాది రాయి."

"అన్ని గొర్రెలా! సంతలా ఉంటుంది. ఆ అంకెలు నీ బడి పిల్లలకి చెప్పుకో. ఇది పెద్దవాళ్ల సభ."

పెద్దవాళ్ల సభ రానే వచ్చింది. పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నెలు చేతులు మారుతున్నాయి. కాపరులందరికీ పెద్దదిక్కు కచ్కిన్ తాత టోపీ వెనక్కి నెట్టి పటం దగ్గరికి నడిచాడు. మా వాళ్లకి గొర్రె కనబడితే చాలు, కళ్లు ముందు తోక మీదికే పోతాయి. కొవ్వంతా అక్కడే కదా.

"ఈ చిన్నది ఎప్పటిదిరా?"

"ఐదేళ్ల కిందటిది తాతా."

"ఈ పెద్దది?"

"ఇప్పటిది."

"అబ్బో, ఏం తోకరా! కోక్‌బెల్ గడ్డి మహిమ!"

సభంతా చప్పట్లు. నేను లేచాను. "తాతా, అది కొవ్వు కాదు, లెక్క! గొర్రెలు ఎక్కువయ్యాయని!"

"గొర్రెని చూడ్డం నాకు నేర్పుతావా కోడలా?"

అందరూ పగలబడి నవ్వారు. జిర్గల్‌బెక్ నోరు విప్పి ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. చెప్పలేదు. తన బొమ్మకి చప్పట్లు పడుతుంటే ఆ మహానుభావుడు మురిసిపోతూ నిలబడ్డాడు. కోక్‌బెల్‌కే పోదామని చేతులన్నీ లేచాయి.

శరదృతువులో మందలు ఎండిన తోకలతో దిగొచ్చాయి. మంచు కరిగేలోపు సగం చచ్చాయి. నా దొడ్డిలో ఒక్కటీ మిగల్లేదు.

వసంతంలో మళ్లీ సభ, మళ్లీ పటం. గొర్రెలు సగమయ్యాయి కాబట్టి ఈసారి కుడివైపు సగం సైజు గొర్రె. కచ్కిన్ తాత దాన్ని చాలాసేపు చూశాడు.

"ఈసారి సరిగ్గా గీశావురా. నావి చచ్చేముందు అచ్చం ఇలాగే ఉన్నాయి."

జిర్గల్‌బెక్ నావైపు తిరిగి కళ్లెగరేశాడు.

"చూశావా వదినా? అంకె లేకుండానే అర్థమైంది."