కణుపు కొరికిన మాస్టారు

చోడవరంలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే లక్ష్మీనరసింహం మాస్టారిది ఒకటే సిద్ధాంతం: ఇంగ్లీషు నోటికి రావాలంటే ముందు ఒంటికి రావాలి. 'ఫాల్ ఆఫ్' చెప్పిన రోజు కుర్చీలోంచి నిజంగానే పడ్డారు. ఆ తర్వాత నడుముకి పట్టీ కట్టుకుని వచ్చి, అదే మాటని పాస్ట్ టెన్సులో చెప్పారు.

ఆ వేళ పాఠం 'బైట్'. కోచింగ్ సెంటర్ యజమాని హరిబాబు వెనక బెంచీలో కూచుని చూస్తున్నాడు. ఈ క్లాసు పండకపోతే మాస్టారి బదులు గోడకి టీవీ పెట్టి వీడియోలు వేస్తానని ముందే చెప్పేశాడు. టీవీ కోసం మేకులు కూడా కొట్టించాడు. పాఠం చెప్పకుండా ఇంట్లో కూచోవడమంటే మాస్టారికి చావుతో సమానం.

"బైట్ బ్యాక్. కరిచిన కుక్కని తిరిగి కరవడం ఒకటి. నోటిదాకా వచ్చిన మాటని ఆపుకోవడం రెండోది" అన్నారు. కుక్క దొరకలేదు గనక చేసి చూపించలేదు.

"బైట్ ఆఫ్ మోర్ దేన్ యూ కెన్ చ్యూ అంటే ఏటి సార్?" అంది రావికమతం నుంచి వచ్చే శాలోమి.

"శక్తికి మించిన పని నెత్తికెత్తుకోవడం."

"తెలీలేదు సార్. సూపించండి" అంటూ తమ పొలంలోని చెరుకు గడ అందించింది.

"కత్తి తెమ్మంటారా మాస్టారూ?" అన్నాడు హరిబాబు.

ఆ మాట మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. చెరుకు తినడానికి కత్తి అడిగినవాణ్ణి ఈ ఊళ్ళో ముసలివాళ్ళ లెక్కలో వేసేస్తారు. ఆయన పైవరస పళ్ళు కట్టుడువని భార్య లక్ష్మీసుందరికి తప్ప ఎవరికీ తెలీదు. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా అనుకుని, కణుపు దగ్గరే కసుక్కున కొరికారు.

గడ లాగితే గడతోపాటు పైవరసంతా వచ్చేసింది.

ఉద్యోగమూ పోయింది, పరువూ పోయింది అనుకున్నారు మాస్టారు.

"సార్! ఇప్పుడు తెలిసిపోయింది!" అని శాలోమి లేచి చప్పట్లు కొట్టింది.

"ఒరే, పాఠం కోసం ఊడే పళ్ళు పెట్టుకొచ్చేర్రా! ఏం ప్రిపరేషనో!" అన్నాడు పక్కనున్న ఎరిక్. క్లాసు దద్దరిల్లింది.

హరిబాబు పరుగున వచ్చాడు. "టీవీ లేదు, ఏటీ లేదు మాస్టారూ! రేపట్నుంచి ప్రతి బ్యాచ్‌కీ ఇలాగే ఊడగొట్టండి. చెరుకూ పళ్ళూ ఫ్లెక్సీ మీద ఏయించెస్తాను!"

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. పళ్ళు చెరుకులో ఉన్నాయి, తిట్టు నాలుక చివర ఉంది. నోరు తెరిచారు. గోడకి కొట్టిన మేకులు కనిపించాయి. నోరు మూసుకున్నారు.

"బైట్ బ్యాక్!" అని కేక పెట్టింది శాలోమి. "సూడండి, రెండోది కూడా సూపించెసేరు!"

క్లాసంతా మళ్ళీ చప్పట్లు కొట్టింది. మాస్టారు చెరుకు గడ చేత్తో పట్టుకునే వంగి దణ్ణం పెట్టారు.