జవాబు ఎక్కడికి రావాలి

తప్పిపోయినవాళ్ళ ఆచూకీ తీసే ఆ ఆఫీసులో అందరూ ఆమెను ఓపికమ్మ అనేవారు. వచ్చినవాళ్ళు ఏడ్చినా, తిట్టినా, చెప్పిందే పదిసార్లు చెప్పినా విసుక్కునేది కాదు. తమ మనిషి ఎత్తు, రంగు, ఒంటిమీది గుర్తులు వాళ్ళు చెబుతుంటే కంప్యూటర్లో ఎక్కించి ఆసుపత్రులకు పంపేది. కొన్నాళ్ళకు వాళ్ళు మళ్ళీ వస్తే, "జవాబు రాలేదంటే చెడ్డ కబురు లేనట్టేగా" అని మంచినీళ్ళిచ్చి సాగనంపేది.

ఆ జవాబులు ఎందుకు రావడం లేదో చూడమని పై అధికారి ఒక ప్రోగ్రామర్ అమ్మాయిని పెట్టాడు. పని పట్టిందంటే వదలని రకం. తల బద్దలు కొట్టుకోగా అసలు సంగతి దొరికింది.

"ఇదంతా సోప్ సర్వీసు అక్కా" అంది ఓపికమ్మతో.

"సబ్బా? మరి ఇన్నేళ్ళుగా రుద్దుతున్నా ఏమీ తేలలేదేం?"

అమ్మాయి నవ్వేసింది. "సబ్బు కాదక్కా, ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటర్ని పని అడిగే పద్ధతి. మనం పంపే ప్రతి సందేశానికీ పైన హెడర్లుంటాయి, కవరు మీద రాతల్లాగా. ఎవరికి పంపుతున్నాం, సందేశం నంబరెంత, జవాబు ఎక్కడికి రావాలి, ఇవన్నీ. ఆ చివరిదాన్ని మన ప్రోగ్రాం తనంతట తనే నింపేస్తోంది, అడిగిన లైన్లోనే చెప్పెయ్యమని. ఆసుపత్రుల్లోనేమో మనిషి వెళ్ళి చూసొచ్చి చెప్పడానికి రోజులు పడుతుంది. ఈలోపు లైను తెగిపోతోంది. జవాబు గాల్లో కలిసిపోతోంది."

ఓపికమ్మ ముఖంలో నవ్వు మాయమైంది. "అంటే, వాళ్ళు చెబుతూనే ఉన్నారా?"

"చెబుతూనే ఉండుంటారు. మనకే చేరలేదు."

అమ్మాయి ప్రోగ్రాంలో కొత్త ముక్క రాసింది. సందేశం బయటికి పోయేముందు దాన్ని పట్టుకుని, సొంత నంబరు వేసి, జవాబు రావలసిన చోట ఈ ఆఫీసు చిరునామా పెట్టేలా చేసింది. ఎక్కడైనా తప్పు జరిగితే ఆ కబురు విడిగా తనకొచ్చేలా ఇంకో చిరునామా చేర్చింది. ఇక పరీక్షించాలి.

"పాతవాటిలో ఒకటి మళ్ళీ పంపుతాను. ఎవరిది పంపమంటావక్కా?"

ఓపికమ్మ కాసేపు కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది. "మా తమ్ముడిది పంపు."

అమ్మాయి ఉలిక్కిపడింది. "ఎప్పుడూ చెప్పలేదే!"

"చెబితే నన్నీ కుర్చీలో కూర్చోనిస్తారా? పెళ్ళాంతో మాటా మాటా పెరిగి, చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఎడమ చిటికెన వేలు వంకర, చిన్నప్పుడు తలుపులో పడి నలిగింది. పరాయివాళ్ళ మీద ప్రయోగమెందుకు తల్లీ, మావాడిదే పంపు."

మర్నాడు మధ్యాహ్నం తెర మీద జవాబు పడింది. అమ్మాయి కళ్ళు ముందు హెడర్ల మీదికే పోయాయి. ఏ సందేశానికి జవాబో చెప్పే చోట తను వేసిన నంబరే ఉంది. సంతోషం పట్టలేక "వచ్చిందక్కా! వచ్చేసింది!" అని కేకేసింది. ఓపికమ్మ అన్నం తింటున్న చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. అప్పుడు ఇద్దరూ కలిసి లోపలి విషయం చదివారు.

ఎడమ చిటికెన వేలు వంకర. రోడ్డు పక్కన దెబ్బలతో పడి ఉంటే ఎవరో తెచ్చి చేర్చారు. ఇల్లు వదిలిన వారంలోనే పోయాడు. ఎవరూ రాకపోతే ఆసుపత్రివాళ్ళే పూడ్చిపెట్టారు. కింద ఒక ముక్క ఉంది: ఇదే ప్రశ్నకు లోగడ కూడా జవాబు పంపాము.

అమ్మాయికి తన కేక తన చెవుల్లోనే గింగురుమంది. "అక్కా, నేను చదవకుండానే..."

ఓపికమ్మ ఆ మాట వినిపించుకోలేదు. "దాన్ని నేనే ఆపాను" అంది.

"ఎవర్నక్కా?"

"మా మరదల్ని. కిందటేడు మంచి సంబంధం వచ్చింది. దాని కూతుర్ని కూడా తనే పెంచుతానన్నాడు. 'మావాడు వస్తాడే, చెడ్డ కబురైతే ముందు నాకు తెలియదూ?' అన్నాను. నా మాట నమ్మి వద్దనుకుంది."

సాయంత్రం ఇద్దరూ కలిసే ఆ ఇంటికి వెళ్ళారు. మరదలు బట్టలు ఇస్త్రీ చేస్తోంది. గుమ్మంలో వదిన ముఖం చూసి స్విచ్ తీసేసింది. చెబుతున్నంతసేపూ నిలబడే వింది. "ఎక్కడ పూడ్చారట?" అని మాత్రం అడిగింది. తర్వాత వేడి తగ్గని ఇస్త్రీపెట్టె వైపు చూస్తూ, "ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను వదినా. బతికుండీ రావట్లేదని" అంది.

ఊరందరి ఏడుపూ విని చలించని ఓపికమ్మ ఆ మాటకు నేల మీద కూలబడిపోయింది. మరదలే వంగి లేవదీసింది. అమ్మాయి ఎక్కడ నిలబడాలో తెలియక గుమ్మం పట్టుకుని ఉండిపోయింది.

వారం తర్వాత ఓపికమ్మ పనిలోకి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"మిగతా పాతవి పంపకుండా ఆపేశాను అక్కా" అంది అమ్మాయి నెమ్మదిగా. "నువ్వొచ్చాక అడుగుదామని."

"ఆపితే ఎలా? పంపు." కుర్చీ లాక్కుని అమ్మాయి పక్కనే కూర్చుంది. "కానీ అన్నీ ఒక్కసారి పంపకు. ప్రతి ఇంటికీ నేనే వెళ్ళి చెప్పాలిగా."